జురాసిక్ పగడపు దిబ్బల్లో జోన్లు: లోతు ఎంత, వెలుగు ఎంత?

2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఒక ప్రకటన చేసింది. సముద్రం వేడెక్కి ప్రపంచవ్యాప్తంగా పగడాలు మూకుమ్మడిగా తెల్లబడటం ఇది నాలుగోసారి అని. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక ఎదురు ప్రశ్న కూడా వినిపిస్తుంది. డైనోసార్ల కాలంలో సముద్రాలు ఇంతకంటే వెచ్చగానే ఉండేవి, అప్పుడూ పగడాలు బతికాయి, మరి ఇప్పుడెందుకింత టెన్షన్ అని.

అడగాల్సిన ప్రశ్నే. అయితే అందులో ఒక పొరపాటు దాగి ఉంది. అప్పుడున్నవీ పగడాలే, ఇప్పుడున్నవీ పగడాలే, దిబ్బలు మాత్రం ఒకే రకం కావు. ఏ పగడం ఎక్కడ పెరిగేది, దాని పక్కన ఏ జీవులుండేవి, వాటన్నిటినీ అతికించి నిలబెట్టిందేమిటి అన్న అమరికే వేరు. ఆ అమరికను రాళ్లలోంచి ఎలా చదువుతారో, ఎక్కడెక్కడ పేచీ పడుతున్నారో చూద్దాం.

ఏ కాలం, ఏ పగడాలు

జురాసిక్ యుగం సుమారు 20.1 కోట్ల ఏళ్ల కిందట మొదలై 14.5 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. ఇందులో మనకు ముఖ్యమైనది ఆక్స్‌ఫర్డియన్ అనే దశ. అది సుమారు 16 కోట్ల ఏళ్ల నాటిది.

పగడం అంటే గొట్టం ఆకారంలో ఉండే మెత్తటి జీవి. దాన్ని పాలిప్ అంటారు. తన కింద తానే సున్నపు గూడు కట్టుకుంటుంది. అలాంటివి వందలు, వేలు కలిసి పెరిగితే కాలనీ. రాతిలో మిగిలేది గూడు మాత్రమే. ఆ గూటిలో మధ్య నుంచి అంచు దాకా సన్నటి నిలువు పలకలుంటాయి. వాటి సంఖ్యను, ఆకారాన్ని, పక్క గూటి పలకలతో అవి కలిసే తీరును బట్టి అది ఏ రకం పగడమో చెబుతారు.

ఇప్పటి పగడాల వంశం జురాసిక్‌కు ముందరి యుగమైన ట్రయాసిక్ మధ్యలో, సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట, మొదటిసారి కనిపిస్తుంది. అంతకుముందున్నవి వేరే వంశాలు. అవి 25.2 కోట్ల ఏళ్ల నాటి మహా వినాశనంలో పూర్తిగా పోయాయి. కొత్త వంశం కూడా ట్రయాసిక్ చివర గట్టి దెబ్బే తింది. జురాసిక్ మొదట్లో పగడపు దిబ్బలు చాలా అరుదు. కొంతకాలం మొరాకో నుంచి ఒమన్ దాకా లోతు తక్కువ సముద్రాల్లో లిథియోటిస్ అనే పొడవాటి ఆల్చిప్పలే గుట్టలు కట్టాయి. పగడపు దిబ్బలు మళ్లీ పూర్తి జోరు మీదకు వచ్చింది ఆక్స్‌ఫర్డియన్‌లో, అంటే దెబ్బ తిన్న 4 కోట్ల ఏళ్లకు. పగడాలు అన్నిటినీ తట్టుకున్నాయి అనేవాళ్లు ఈ అంకె కూడా పక్కనే చెప్పాలి.

మరో రెండు మాటలు. ఒకేచోట, ఒకే పరిస్థితుల్లో కలిసి బతికిన జీవుల గుంపును సమూహం అంటున్నాను. దిబ్బ మీద ఒక్కో సమూహం ఆక్రమించిన పట్టీ పేరు జోన్.

జమైకా నేర్పిన పాఠం

జోన్ల గురించి మనకున్న ఊహ చాలావరకు కరీబియన్ సముద్రం నుంచి వచ్చింది. జమైకా ఉత్తర తీరంలో డైవింగ్ చేసి అక్కడి పగడాల అమరికను థామస్ గోరో 1959లో వివరంగా ప్రచురించాడు. అలలు విరిగే చోట అక్రోపోరా పామేటా ఉంటుంది. దాని కొమ్మలు దుప్పి కొమ్ముల్లా వెడల్పుగా, బలంగా ఉంటాయి. ఇంకాస్త కిందకు సన్నటి కొమ్మల అక్రోపోరా. దాంతోపాటూ, దాని కిందా గుండ్రటి బండల్లాంటి పగడాలు. ఇంకా లోతుకు పోతే, వెలుగు తగ్గే చోట, పలుచటి పళ్లేల ఆకారంలో అగారీషియా.

ఇందులో రెండు శక్తులు పనిచేస్తున్నాయి. పైనుంచి అలల తాకిడి, కిందకు పోయే కొద్దీ తగ్గే వెలుగు. పగడాల ఒంట్లో ఉండే ఏకకణ శైవలాలు ఎండతో ఆహారం తయారుచేసి పగడానికీ పెడతాయి. అందుకే వెలుగు తగ్గిన చోట పగడం గుండ్రంగా పెరగడం మానేసి చదునుగా పరుచుకుంటుంది. ఉన్న కాస్త వెలుగునూ ఎక్కువ వైశాల్యంతో పట్టుకోవాలి కదా.

ఒక సంగతి మాత్రం చాలా పుస్తకాలు చెప్పకుండా దాటేస్తాయి. 1980లో వచ్చిన అలెన్ తుపాను, ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లో వచ్చిన పగడాల జబ్బులు, 1983లో నాచు తినే సముద్రపు ముళ్ల జీవుల మూకుమ్మడి చావు, అన్నీ కలిసి జమైకాలో గోరో చూసిన ఆ చక్కటి అమరికను చెరిపేశాయి. పాఠ్యపుస్తకంలో బొమ్మగా నిలిచిన జోన్లు పాతికేళ్లు కూడా నిలబడలేదు. 16 కోట్ల ఏళ్ల నాటి రాయిలో గీత గీసినట్టు జోన్లు కనిపించాలని కోరుకునే ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

జురాసిక్‌లో దిబ్బ కట్టినవి మూడు

అప్పటి దిబ్బలను ఒక్క పగడాలే కట్టలేదు. ఇసుకరాయిని, గాజును తయారుచేసే సిలికాతోనే అస్థిపంజరం కట్టుకునే స్పాంజీలు రెండో జట్టు. సూక్ష్మజీవుల పొరలు మట్టినీ సున్నాన్నీ పట్టుకుని రాయిగా మార్చడం మూడోది. ఈ మూడూ కలిసిన చోట్లే ఎక్కువ.

ఇవి ఎక్కడ ఏది ఎక్కువ అన్నదే మొదటి స్థాయి జోనింగ్. టెథిస్ అనే పాత సముద్రానికి ఉత్తరపు అంచున, ఇప్పటి స్పెయిన్ నుంచి జర్మనీ, పోలండ్, రొమేనియా మీదుగా, స్పాంజి దిబ్బల పట్టీ ఒకటి సాగేది. అవి ఒడ్డుకు దూరంగా, సుమారు 50 నుంచి 150 మీటర్ల లోతులో పెరిగి ఉంటాయని అంచనా. ఇలాంటి దిబ్బలు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేవనే అనుకునేవారు. 1987లో కెనడా పశ్చిమ తీరంలో, హెకెట్ జలసంధి అడుగున అవి సజీవంగా దొరికాయి.

ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ చోట పగడాలు. దక్షిణ జర్మనీలో ఉల్మ్ పట్టణం దగ్గర అర్నెగ్‌లో కింద స్పాంజి దిబ్బ, దాని మీద పగడాల దిబ్బ కనిపిస్తాయి. సముద్రం క్రమంగా లోతు తగ్గిందనడానికి ఇది మంచి సాక్ష్యం.

పగడాల్లో మళ్లీ ఆకారాన్ని బట్టి మూడు ముఖ్యమైన గుంపులు. చదునుగా పరుచుకునే మైక్రోసోలినా, డైమార్ఫరేయా. బండగా పెరిగే ఐసాస్ట్రియా, స్టైలినా. విడివిడి కొమ్మలుగా లేచే థెకోస్మీలియా, కాలమోఫిలియోప్సిస్. థామ్నాస్టీరియా అనే మరొకటి ఎక్కడ పెరిగితే ఆ ఆకారం తెచ్చుకుంటుంది. ఒకచోట పొర, ఒకచోట బండ, ఇంకోచోట కొమ్మ. అందుకే పేరొక్కటి చూసి జోన్ తేల్చడం కుదరదు, ఆకారం కూడా కొలవాలి.

లీస్‌బర్గ్ నుంచి సాంట్-ఉర్సాన్ దాకా: ఒక రాతి వరుస

ఉదాహరణకు స్విట్జర్లాండ్‌లోని జురా కొండలు తీసుకుందాం. జురాసిక్ అన్న పేరు వచ్చింది ఈ కొండల నుంచే. ఇక్కడ ఆక్స్‌ఫర్డియన్ రాళ్లలో కింద లీస్‌బర్గ్ పొరలు, వాటి మీద సాంట్-ఉర్సాన్ సున్నపురాయి.

లీస్‌బర్గ్ పొరల్లో బూడిదరంగు బంకమట్టి, సున్నపురాయి ఒకదాని మీద ఒకటి వస్తాయి. వాటి మధ్య పగడాలు, గిన్నెలో పరిచిన అప్పడాల్లా, పలుచగా, అంచులు కాస్త పైకి లేచి ఉంటాయి. ఎక్కువ భాగం మైక్రోసోలినా, దాని దగ్గరి చుట్టాలు. చుట్టూ సముద్ర లిల్లీలనే జంతువుల కాడల ముక్కలు, ముళ్ల జీవుల లావుపాటి ముళ్లు. ఒక పలకను తిరగేస్తే అసలు ప్రపంచం అక్కడుంటుంది. గొట్టపు పురుగుల వంకర గూళ్లు, బ్రయోజోవాలనే చిన్న కాలనీ జీవుల జాలీలు, అంటుకుపోయిన చిన్న ఆల్చిప్పలు. అంటే పలక అడుగున ఖాళీ ఉండేది, దాని నీడలో మరో సమూహం బతికేది. ఒక్క పగడంలోనే పైభాగం ఒక జోన్, కిందిభాగం ఇంకో జోన్ అన్నమాట.

పలక అంచును దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కొన్ని అంచులు నున్నగా ఉంటాయి. కొన్ని రంపపు పళ్లలా ఉండి, పళ్ల మధ్య మట్టి దూరి ఉంటుంది. మట్టి పడ్డప్పుడు అంచున ఉన్న పాలిప్‌లు చనిపోయాయి. మట్టి ఆగాక బతికినవి దాని మీదుగా మళ్లీ పక్కకు పాకాయి. మళ్లీ మట్టి పడింది. ఆ పగడం జీవితంలో ఎన్నిసార్లు బురద వచ్చిందో ఆ పళ్లే చెబుతాయి.

పైకి పోయేకొద్దీ బంకమట్టి తగ్గుతుంది, పలకలు మందమవుతాయి. సాంట్-ఉర్సాన్ దాకా వచ్చేసరికి రాయి తెల్లబడుతుంది. స్టైలినా లాంటి బండ పగడాలు, కొమ్మల పగడాలు కలిసి వస్తాయి, రకాల సంఖ్య పెరుగుతుంది. అక్కడక్కడ ఊలైట్లు, అంటే లోతు తక్కువ నీళ్లలో అలలకు దొర్లుతూ ఏర్పడే గుండ్రటి సున్నపు రేణువులు, కనిపిస్తాయి.

కింద మసక వెలుగు, పైన మంచి వెలుగు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

రాతి గోడలో నిలువుగా ఉన్నది కాలం

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. జోన్ అంటే ఒకే సమయంలో పక్కపక్కన ఉన్న పట్టీలు. క్వారీ గోడలో మనకు కనిపించేది ఒకదాని తర్వాత ఒకటి వచ్చినవి. నిలువుగా చూసిన దాన్ని అడ్డంగా ఎలా చదువుతాం?

ఇందుకు ఆధారం జర్మన్ భూవిజ్ఞాని యోహానెస్ వాల్టర్ 1894లో చెప్పిన సూత్రం. మధ్యలో తెంపు లేకుండా ఒకదాని మీద ఒకటి వచ్చిన పొరలు, ఒకప్పుడు పక్కపక్కన ఉన్న పరిసరాలకు చెందినవే అని. సముద్రం లోతు తగ్గుతుంటే ఒడ్డు దగ్గరి పట్టీ మెల్లగా సముద్రం వైపు జరుగుతుంది, పాత లోతు పట్టీ మీద కూర్చుంటుంది. మధ్యలో తెంపు లేకుండా అన్న షరతు చాలా ముఖ్యం. దిబ్బ పెరగడం ఆగిపోయి, పగడాలకు రాళ్లు తొలిచే ఆల్చిప్పలు విపరీతంగా బొరియలు పెట్టి, ఆ తర్వాత కొత్త పొర వచ్చి ఉంటే అక్కడ తెంపు ఉన్నట్టే. అందుకే బొరియల లెక్క తీస్తారు.

రెండో చిక్కు. పొరలు మారడానికి లోతు మారక్కర్లేదు. ఖాళీ మట్టినేల మీద మొదట దిగిన గట్టి రకాలు నేలను గట్టిపరిస్తే, ఆ మీద సున్నితమైన రకాలు వచ్చి చేరొచ్చు. ఇది జీవుల క్రమంలో వచ్చిన మార్పు, సముద్రంలో వచ్చిన మార్పు కాదు. రెంటినీ విడదీయాలంటే ఎంత దూరం అదే వరుస కనిపిస్తుందో చూస్తారు. ఒక్క గుట్టకే పరిమితమైతే జీవుల క్రమం అనుకోవచ్చు. కిలోమీటర్ల కొద్దీ ఒకే వరుస వస్తే, పైగా చుట్టూ ఉన్న మట్టి కూడా దాంతోపాటు మారితే, సముద్రమే మారిందనాలి. లీస్‌బర్గ్ విషయంలో మట్టి కూడా మారింది కాబట్టి నేను రెండోదానికే మొగ్గుతాను.

మసక వెలుగు అంటే లోతేనా? ఒక చిన్న లెక్క

చదును పగడాలున్నాయంటే వెలుగు తక్కువ. అంతవరకు సరే. వెలుగు తక్కువైతే లోతు ఎక్కువ అనేస్తే తప్పులో కాలేసినట్టే.

లెక్క కోసం రెండు రకాల నీళ్లు అనుకుందాం. ఒకదానిలో ప్రతి 15 మీటర్లకు వెలుగు సగమవుతుంది. రెండోది మట్టి తేలాడే నీరు, అందులో ప్రతి 4 మీటర్లకే సగమవుతుంది. వెలుగు ఐదుసార్లు సగమైతే మిగిలేది 32లో ఒక వంతు, సుమారు 3 శాతం. మొదటి నీళ్లలో ఆ స్థాయి 75 మీటర్ల దగ్గర వస్తుంది. రెండో నీళ్లలో 20 మీటర్లకే వచ్చేస్తుంది. రెండుచోట్లా ఒకే చదును పగడం పెరగొచ్చు. రాతిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అయితే మసకకు కారణం లోతు కాదు, మట్టే అనే వాదానికీ ఒక అడ్డంకి ఉంది. నీళ్లలో తేలాడే మట్టి వేరు, అడుగున పడే మట్టి వేరు. ఎడతెరిపి లేకుండా మట్టి పడితే ముందు పూడిపోయేది చదును పగడమే, దాన్ని దులుపుకునే వాలు దానికి లేదు. కాబట్టి నీరు మసకగా ఉన్నా మట్టి నిదానంగానే పడి ఉండాలి, అప్పుడప్పుడు మాత్రమే ఒక్కసారిగా వచ్చి ఉండాలి. రంపపు అంచులు చెప్పేది కూడా ఇదే.

ఇక తేల్చుకోవడానికి పగడాలను పక్కనపెట్టి సాక్షులను అడగాలి. ఎండ లేకపోతే బతకలేని ఆకుపచ్చ శైవలాల సున్నపు గొట్టాలు ఉన్నాయా? ఊలైట్లు ఉన్నాయా? పగడాల మీద పట్టుకున్న పొరల్లో బాసినెల్లా, లిథోకోడియం అనే చిన్న శిలాజాలు ఉంటే స్వచ్ఛమైన, లోతు తక్కువ నీరు అనడానికి బలం. టెరెబెల్లా, ట్యూబిఫైటీస్ లాంటివి ఎక్కువైతే మరింత నెమ్మదైన, లోతైన నీటి వైపు మొగ్గుతారు. ఏ ఒక్కటీ సరిపోదు. నాలుగైదు ఒకే వైపు చూపితేనే నమ్మకం.

ఎండను నమ్ముకున్నాయా, మేతను నమ్ముకున్నాయా

ఇంకో వాదం ఇంతకంటే లోతైనది. అసలు జురాసిక్ పగడాలు ఇప్పటి వాటంతగా ఎండ మీద ఆధారపడేవా?

మైక్రోసోలినా గూటి పలకల పక్కలకు వరుసగా చిన్న చిన్న అరల్లాంటి అంచులుంటాయి. ఇలాంటి అంచులే ఇప్పుడు ఎర్రసముద్రంలో, 95 నుంచి 145 మీటర్ల లోతులో బతికే లెప్టోసెరిస్ ఫ్రాజిలిస్ అనే చదును పగడంలో ఉన్నాయి. దాని ఒంట్లో శైవలాలూ ఉన్నాయి. దాంతోపాటు నీటిని లోపలికి తీసుకుని మేతను వడగట్టుకునే ఏర్పాటు కూడా ఉందని దాని మీద పనిచేసినవాళ్లు చూపించారు. ఈ పోలికను బట్టి మైక్రోసోలినా మసక నీళ్లలో మేత మీదే ఎక్కువ బతికి ఉంటుందని ఒక పక్షం అంటుంది. 2002లో స్విస్ జురా దిబ్బల మీద వచ్చిన ఒక అధ్యయనం కూడా ఈ దారిలోనే, సమూహాలను లోతును బట్టి కాకుండా ఎండ, మేతల పాళ్లను బట్టి వర్గీకరించింది.

రెండో పక్షం దగ్గరా సాక్ష్యాలున్నాయి. తుర్కియేలోని అంటాల్యా ప్రాంతంలో దొరికిన ట్రయాసిక్ పగడాల మీద 2016లో వచ్చిన పరిశోధన, అప్పటికే పగడాలకు శైవలాలతో పొత్తు ఉందని చూపింది. ఇప్పటి పగడాల్లో ఉండే శైవలాల కుటుంబం సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట పుట్టి ఉంటుందని 2018లో జన్యువుల ఆధారంగా లెక్కగట్టారు. అది సరిగ్గా జురాసిక్ దిబ్బలు విరగబూసిన సమయమే. ఈ కలయిక ఊరికే జరిగిందనుకోవడం కష్టం.

నాకైతే ఇవి ఒకదాన్నొకటి కొట్టివేసే వాదాలుగా కనిపించవు. పొత్తు ఉంది, కానీ ఇప్పటి అక్రోపోరాలో ఉన్నంత గట్టిగా ఉండి ఉండకపోవచ్చు. అలాగైతే కాస్త మట్టి, కాస్త మేత ఉన్న నీళ్లలో కూడా ఈ పగడాలు ఎందుకు గుంపులు కట్టాయో అర్థమవుతుంది.

అలల అంచు ఖాళీగా ఎందుకుంది

జమైకా బొమ్మను జురాసిక్ మీద పరిచి చూస్తే పైభాగం సరిపోదు. అలలు విరిగే చోట పగడాల గట్టి చట్రం చాలా అరుదుగా దొరుకుతుంది. అక్కడ ఎక్కువగా ఉండేది పగడాల చూర్ణం, ముక్కలు.

కారణాల్లో మొదటిది, ఆ పని చేసే పగడమే అప్పటికి లేదు. అక్రోపోరా డైనోసార్లు పోయాక వచ్చిన వంశం. అది ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా కూడా పెరుగుతుంది. విరిగిన కొమ్మ మళ్లీ అతుక్కుని బతుకుతుంది. జురాసిక్ పగడాల గూళ్లలో వార్షిక గీతలు కొలిస్తే ఏడాదికి సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. తుపానుకు విరిగితే పూడ్చుకునే వేగం వాటికి లేదు. రెండోది, ముక్కలను అతికించే పనిని చాలాచోట్ల సూక్ష్మజీవుల పొరలే చేశాయి. అవి నెమ్మదైన నీళ్లలో, పగడాల సందుల్లో బాగా పెరుగుతాయి. మట్టి ఎక్కువ పడని కాలాల్లో అవి పగడాలకంటే ఎక్కువ రాయినే తయారుచేసిన దిబ్బలు కూడా ఉన్నాయి.

మినహాయింపులు లేవని కాదు. పోర్చుగల్‌లో లిస్బన్‌కు ఉత్తరాన ఓటా అనే చోట, ఆక్స్‌ఫర్డియన్ తర్వాతి దశ అయిన కిమ్మెరిడ్జియన్ కాలపు దిబ్బ అలల తాకిడికి ఎదురుగానే నిలబడింది. దాన్ని ఆధునిక తరహా దిబ్బ అనే పిలిచారు. అలా ప్రత్యేకంగా పిలవాల్సి వచ్చిందంటేనే మిగతావి అలా లేవని.

గూడు కరిగితే లెక్క మారుతుంది

పగడం గూడు అరగొనైట్ అనే రకం సున్నం. కాలక్రమంలో అది కరిగిపోతుంది, లేదా కాల్సైట్ అనే మరో రకం సున్నంగా మారిపోతుంది. మారేటప్పుడు సన్నటి పలకల వివరాలు చెదురుతాయి. పేరు పెట్టడానికి కావాల్సింది అవే. సన్న కొమ్మల పగడాలు ముందుగా విరిగి పొడవుతాయి, బండలు నిలుస్తాయి. కాబట్టి క్వారీలో లెక్కేస్తే బండ పగడాల పాలు నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది.

దీనికి విరుగుడు అదృష్టవశాత్తూ కొన్నిచోట్ల ప్రకృతే ఇచ్చింది. జర్మనీలోని నాట్‌హైమ్‌లో పగడాల స్థానంలోకి సిలికా చేరింది. సున్నపురాయిని ఆమ్లంలో వేస్తే రాయి కరిగి పగడం మిగులుతుంది, నిన్న మొన్న తీసినట్టు. అలాంటి చోట తెలిసిన జాబితా పక్కన పెట్టుకుని మిగతాచోట్ల ఏం తప్పిపోయిందో ఊహిస్తారు.

ఇంగ్లండ్‌లో ఇంకో రకం ఇబ్బంది. అక్కడి దిబ్బల్లో రకాలు సహజంగానే తక్కువ. టెథిస్‌కు ఉత్తరాన, చల్లటి అంచున ఉండటం వల్ల థామ్నాస్టీరియా, ఐసాస్ట్రియా, థెకోస్మీలియా లాంటి కొన్నే రాజ్యమేలాయి. నాలుగైదు రకాలతో జోన్లు గీయడం కష్టం. ఆ రాయిని అక్కడ కోరల్ రాగ్ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో 11వ శతాబ్దపు సెయింట్ మైకేల్ చర్చి గోపురం దానితో కట్టిందే.

మన దేశంలో, మనవాళ్లున్న చోట

తెలుగు నేల మీద జురాసిక్ రాళ్లున్నాయి గానీ పగడాలు లేవు. ప్రాణహిత-గోదావరి లోయలోని కోట పొరలు నదుల్లో, చెరువుల్లో ఏర్పడినవి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అక్కడిదే. సముద్రం ఇక్కడికి రాలేదు.

రియాద్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు మాత్రం ఇవి కూతవేటు దూరంలోనే. వారాంతంలో చాలామంది వెళ్లే ఎడ్జ్ ఆఫ్ ద వరల్డ్ అనే అంచు, తువైక్ కొండల జురాసిక్ సున్నపురాయి. ఆ రాతి శ్రేణిలో పగడాల పొరలున్నాయి. ఇంకాస్త తూర్పున, ఘవార్ చమురు క్షేత్రంలో చమురు నిల్వ ఉన్న జురాసిక్ రాళ్లలో క్లాడోకోరోప్సిస్ అనే కొమ్మల స్పాంజి విస్తారంగా ఉంది. దక్షిణ టెథిస్‌లో పగడాలతోపాటు ఇవీ పెద్ద పాత్ర పోషించాయి.

మన దేశంలో చూడాలంటే గుజరాత్‌లోని కచ్ వెళ్లాలి. అక్కడి పగడాల మీద జె. డబ్ల్యు. గ్రెగరీ రాసిన పెద్ద గ్రంథాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1900లోనే ప్రచురించింది. రాతిపొరలు గుమ్మటంలా ఉబ్బిన జుమారా అనే చోట మధ్య జురాసిక్ పొరల్లో మళ్లీ అవే చదును పగడాలు, బంకమట్టి మధ్య పలకలుగా. పక్కనే కొమ్ము ఆకారంలో ఒంటరిగా పెరిగే మాంట్లివాల్టియా. గుట్టగా లేచిన దిబ్బ మాత్రం ఏర్పడలేదు. అడుగు మెత్తటి మట్టి, నీరు మసక. జర్మన్, భారతీయ పరిశోధకుల బృందం 1994లో వీటిని ప్రతికూల పరిస్థితుల్లో పగడాలు ఎలా నెగ్గుకొచ్చాయో చెప్పే ఉదాహరణగా వివరించింది. కచ్ పగడాలతో పోల్చి చూస్తే లీస్‌బర్గ్‌లో ఏం జరిగిందో కూడా కొంత తేటపడుతుంది. రెండుచోట్లా మొదలు ఒకటే, మట్టి మీద చదును పగడం. స్విట్జర్లాండ్‌లో మట్టి తగ్గింది, దాని మీద దిబ్బ లేచింది. కచ్‌లో మట్టి ఆగలేదు.